ఆర్లో ట్రాక్టరు ముందు చక్రాలు

ఆర్లో ఫ్రెరిక్స్ మొండివాడని అమెరికాలో, అయోవాలో మా వైపు ఎవరినడిగినా చెబుతారు. మంచివాడని కూడా చెబుతారు గాని, అది ఎప్పుడూ రెండో మాటే. ఆ మొండితనమంతా ఒక్క సంగతి మీద. ట్రాక్టరుకు ముందు చక్రాలు ఎలా ఉండాలన్న దాని మీద.

పాత ట్రాక్టర్లు మాకు రెండు రకాలు. కొన్నింటికి ముందు చక్రాలు రెండూ ముక్కు కింద పక్కపక్కనే అంటుకున్నట్టు ఉంటాయి. అవి మొక్కజొన్న సాళ్ల మధ్య సందులో దూరిపోతాయి, చేను చివర ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. వాటిని ఇరుకు కాళ్ల బండ్లు అంటాం. మిగతావాటికి ముందు అడ్డంగా పొడుగాటి ఇరుసు, ఆ కొసనొకటి ఈ కొసనొకటి చక్రాలు. అవి వెడల్పు కాళ్లవి. తిరగడానికి బోలెడు చోటు కావాలి గాని, చూడ్డానికి నిబ్బరంగా ఉంటాయి. ఇప్పుడు పొలం పనికి ఈ రెండిట్లో ఏదీ ఎవరికీ అక్కర్లేదు. అయినా ఊరి ధాన్యం నిలవచేసే ఎలివేటర్ దగ్గర కాఫీ బల్ల చుట్టూ చేరే ముసలాళ్లకు ఈ గొడవ తెగదు.

"ఇరుకు కాళ్లది గట్టెక్కితే ఊగుతుందిరా," అంటాడు వర్జిల్. ఆర్లోతో కలిసి బడికెళ్లినవాడు, కలిసి ముసలివాడైనవాడు.

"తోలడం చేతకానివాడికి మంచం కూడా ఊగుతుంది," అంటాడు ఆర్లో.

ఆర్లోది వాళ్ల నాన్న కొన్న ఎర్ర ట్రాక్టరు. ఇరుకు కాళ్లతో వచ్చింది, ఇరుకు కాళ్లతోనే ఉంచాడు. నాన్న మీద భక్తి అనుకున్నారు జనం. పెళ్లి చేసుకోనివాడికి ఏదో ఒక పిచ్చి ఉండాలిగా అని సరిపెట్టుకున్నారు. అసలు సంగతి వేరు. ఆ బండి మీద కూర్చుని, సాలు చివర తిరిగే ఆ ఒక్క తిరుగుడులో, ఆర్లో ఒకప్పుడు ఆర్డిత్‌ను చూసేవాడు.

అప్పటికింకా ఆమె పెళ్లికాని ఆర్డిత్ ఐలర్స్. ఆమె తండ్రి ఇల్లు ఆర్లో వాళ్ల చేనుకు ఎదురుగా, రోడ్డుకు అవతల. జూన్‌లో మోకాలెత్తు మొక్కజొన్నలో ఆర్లో గుంటక తోలుతుంటే, ఆమె దండెం మీద బట్టలు ఆరేసేది. ఒకరోజు గాలికి దుప్పటి ఎగిరి ఆమె తల మీద పడింది. దాన్ని తీసుకుంటూ ఆమె నవ్వింది. ఆర్లో చూస్తూ ఉండిపోయాడు. ముందు చక్రాలు సాలెక్కాయి, గుంటక పళ్లు మొక్కల్ని వేళ్లతో సహా పెకిలించుకుంటూ పోయాయి.

ఆదివారం చర్చి అయ్యాక కార్లలో మెల్లగా తిరుగుతూ ఒకరి చేలు ఒకరు చూడ్డం మాకు అలవాటు. ఎవడి సాలు వంకరో, ఎవడి చేలో కలుపుందో ఆ రోజే తేలిపోతుంది. ఆ ఆదివారం ఊరంతా ఆర్లో చేలో బోడి మచ్చను చూసింది. అది ఎవరి దండేనికి ఎదురుగా ఉందో కూడా చూసింది.

"ఏం తెగులురా నీ చేనుకి?" అని బల్ల దగ్గర అడిగారు. "గుంటక తెగులు," అని వాళ్లే జవాబు చెప్పుకుని నవ్వారు. ఎవడి చూపైనా పక్కకు పోయి మొక్కలు లేచిపోతే మా వాళ్లు అనే మాట అది. ఆర్లో చెవులు ఎర్రబడ్డాయి. ఇంక ఆ వేసవంతా అతను ఆ వైపు తలెత్తి చూడలేదు. సాలు చివర బండి తిప్పే ఆ క్షణం తప్ప.

మరుసటి వేసవికి మా ఊరివాడే, హార్మ్ మైండర్స్, ఆమెను చక్రాల బూట్ల స్కేటింగ్‌కి రమ్మని అడిగాడు. ఆ మాట నోరు తెరిచి అడగడమే హార్మ్ చేసిన గొప్ప పని. ఆమె వెళ్లింది. పెళ్లిలో ఆర్లో కొత్త చొక్కా వేసుకుని అందరితోపాటు బియ్యం చల్లాడు.

వాళ్ల కాపురం పదిహేనేళ్లు సాగింది. ఒక శరదృతువులో హార్మ్ వాగు పక్కన గడ్డి కోస్తుండగా ట్రాక్టరు తిరగబడి చనిపోయాడు. అతనిదీ ఇరుకు కాళ్ల బండే. ఆర్డిత్ పొలం కౌలుకిచ్చి, హార్మ్ ఇంట్లోనే ఉండిపోయింది. రోడ్డు పక్క ఉత్తరాల డబ్బా మీద హార్మ్ మైండర్స్ అన్న పేరు వెలిసిపోతే ప్రతి వసంతంలోనూ తనే మళ్లీ దిద్దేది.

ఏటా జూన్‌లో మా పాత ట్రాక్టర్లన్నీ వరసకట్టి ఊళ్ల మీదుగా తిరిగి వస్తాయి. ఆర్డిత్ డబ్బా దగ్గర నిలబడి పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన కేకు ముక్కలు అందిస్తుంది. ఆర్లో బండి వరసలో ఎప్పుడూ చివరిదే. చివరి బండికి వెనక తరిమేవాళ్లుండరు, అక్కడ కాసేపు ఆగొచ్చు. ఆ కాసేపటి కోసం అతను ఏడాదంతా ఎదురుచూసేవాడు.

కిందటేడు ఏమైందో, నోరు జారింది.

"ఓసారి నువ్వూ రారాదూ? మడ్‌గార్డు మీద సీటు బిగించాను."

ఆర్డిత్ బండి ముక్కు కిందికి చూసింది. "ముందు రెండు చక్రాలూ అట్లా అంటుకునుండే దాని మీద నేనెక్కను ఆర్లో."

ఆమె నవ్వుతూనే అంది. ఆర్లో మాత్రం దాన్ని మాట ఇచ్చినట్టే పట్టుకుని ఇంటికెళ్లాడు. అంటే, అంటుకోకుండా ఉంటే ఎక్కుతుందన్నమాట.

ఆ చలికాలమంతా ఒక వెడల్పు ఇరుసు కోసం తిరిగాడు. పక్క జిల్లాలో ఒక వేలంలో దొరికింది. బిగించడానికి వర్జిల్‌ను పిలిచాడు. వర్జిల్ షెడ్డులోకి వచ్చి, చెక్క దిమ్మెల మీద ముక్కు పైకెత్తి ఉన్న బండిని చూసి టోపీ తీసేశాడు.

"ఎవరు పోయార్రా?"

"నోర్మూసుకుని ఆ జాకీ పట్టుకో."

"నలభై ఏళ్లు నా ప్రాణం తీశావు కదరా ఇరుకు, ఇరుకు అని. ఇప్పుడేమైంది? నడుము పట్టేసిందా, మతి పోయిందా?" అంటూనే జాకీ పట్టుకున్నాడు. బోల్టులన్నీ బిగించాక, చేతులు తుడుచుకుంటూ, గొంతు తగ్గించి అడిగాడు. "ఆర్డిత్ కోసమేనా?"

ఆర్లో పాత చక్రాలను గుడ్డతో తుడుస్తూ ఉన్నాడు. వర్జిల్ రెట్టించలేదు. ఆ సంగతి బల్ల దగ్గర ఎత్తలేదు కూడా, అతని నోటికి అది చిన్న విషయం కాదు.

జూన్‌లో బండ్లు బయల్దేరే పొద్దున, ఆర్లో వరసలో చేరకుండా ముందుగానే ఆర్డిత్ ఇంటికి బయల్దేరాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. మడ్‌గార్డు సీటు మీద కొత్త దిండు కట్టాడు. దారిపొడుగునా ఏం మాట్లాడాలో అనుకుంటూనే ఉన్నాడు. ఆమె ఇంటి దారి మలుపు వచ్చింది. ఆ మలుపు అతను ఎన్నిసార్లు తిరిగాడో లెక్క లేదు, ఇరుకు కాళ్లతో. చేతులు పాత లెక్కనే తిప్పాయి. కుడివైపు చక్రం ఇప్పుడు మూరెడు బయట ఉందన్న సంగతి చేతులకు తెలీదు. ఫెళ్లుమంది.

ఆర్లో ఇంజిను ఆపాడు. హార్మ్ మైండర్స్ అన్న పేరు గడ్డిలో వెల్లకిలా పడి ఉంది.

ఆర్డిత్ ఏప్రాన్‌తో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. డబ్బాను చూసింది. చక్రాన్ని చూసింది. ఆ చక్రం నుంచి రెండో చక్రం దాకా చూపు నడిపించింది.

"నీకంటే ముందు నీ చక్రం దిగింది," అంది.

"ఇప్పుడే నిలబెడతాను. పార ఎక్కడుంది?" అన్నాడు ఆర్లో. భూమి చీలితే అందులోకి పోయేవాడు.

గుంట తవ్వి గుంజ నిలబెట్టారు. ఆమె పట్టుకుంది, అతను మట్టి కూరి తొక్కాడు.

"పేరు రోడ్డు వైపు ఉండాలి ఆర్లో."

"తెలుసు," అన్నాడు. గుంజ నిట్టనిలువుగా ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. సొట్టపడ్డ చోట చేత్తో నొక్కి సరిచేశాడు. ఆ పని చేస్తుంటే అతనికి ఎక్కడో నొప్పిగా ఉంది, అయినా సరిగానే చేశాడు. ఇంతలో ట్రాక్టర్ల వరస వచ్చి దాటిపోయింది. ఆర్డిత్ కేకు పళ్లెం అందించింది. చివరి చోట ఖాళీ ఉందని వర్జిల్ ఒక్కడే వెనక్కి తిరిగి చూశాడు. చెయ్యి ఊపి సాగిపోయాడు.

"రా, టీ తాగు," అంది ఆర్డిత్.

మా తాతలు సముద్రం దాటి తెచ్చుకున్న అలవాటు. కప్పులో పటికబెల్లం ముక్క, దాని మీద వేడి టీ, అంచున మీగడ చుక్క. కలపకూడదు. మూడు కప్పులూ తాగకుండా లేవకూడదు. ఇద్దరూ వరండా మెట్ల మీద కూర్చున్నారు. మొదటి కప్పు అయింది. రెండోది పోస్తూ, కప్పు మీదే చూపు ఉంచి, ఆర్డిత్ అడిగింది.

"హార్మ్‌కి ఆ పొద్దు ఇలాంటి వెడల్పు కాళ్లది ఉండుంటే బతికేవాడా?"

ఆర్లో తలెత్తాడు.

"హార్మ్ వెడల్పు కాళ్లదే కొందామన్నాడు," అందామె. "నేనే వద్దన్నాను. దుంపల సాళ్లలో నేనూ తోలుకోవచ్చు, తిప్పడం తేలిక అని పట్టుబట్టాను. అంత్యక్రియల భోజనాలప్పుడు వెనక బల్ల దగ్గర ఎవరో అనుకుంటుంటే విన్నాను. వెడల్పుదైతే దక్కేవాడని. అప్పట్నుంచీ రోజూ అదే అనుకుంటున్నాను. నీకు తెలుసు కదా ఇవన్నీ. చెప్పు."

ఔనంటే, రోడ్డు పక్కనున్న ఆ బండి ఇక ఆమెకు భయం లేని చోటు. ఆ చలికాలమంతా పడ్డ పాటుకు ఫలితం. కాదంటే, అది ఒట్టి ఇనుము. ఆర్లోకి ఈ రెండూ ఒక్కసారే తెలిశాయి. ఆమె వైపు చూశాక ఎన్నుకోవడానికేమీ మిగల్లేదు.

"బతికేవాడు కాదు. వాగు గట్టు కింద నీళ్లు తొలిచేశాయి ఆర్డిత్. వెనక చక్రం కింద కూలింది. గొలుసులు తీసుకెళ్లి బండిని బయటికి లాగింది నేనే, ఆ చోటు నా కళ్లతో చూశాను. ముందు ఎట్లాంటి కాళ్లున్నా ఒకటే. నేను తోలినా పడేవాణ్ణి. నువ్వు ఏది కొనిపించినా పడేది."

ఆమె ఏప్రాన్ ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆర్లో చెయ్యి ఆమె భుజం దాకా లేచింది. అక్కడే కాసేపు ఆగి, మళ్లీ మోకాలి మీదికి వచ్చేసింది. ఆ భుజం మీద చెయ్యి వెయ్యాలని అతను బతుకంతా అనుకున్నాడు. ఇప్పుడు వేస్తే హార్మ్ కోసం వచ్చిన ఏడుపును తను వాడుకున్నట్టు అవుతుందనిపించింది.

ఆమె ముఖం తుడుచుకుని మూడో కప్పు పోసింది. "మరి ఇంత తెలిసినవాడివి, ఆ కాళ్లు ఎందుకు మార్చావు?"

"నువ్వు ఎక్కుతావని."

"అంతేనా?"

"అంతే."

ఆర్డిత్ కప్పు కింద పెట్టింది. "నీ చేనుకి గుంటక తెగులు వచ్చిన ఏడు, ఆ వేసవంతా నేనేం చేశానో తెలుసా? ఉతికిన దుప్పట్లే మళ్లీ ఉతికి ఆరేశాను. మా అమ్మ తిట్టిపోసింది, సబ్బంతా అయిపోతోందని. నువ్వేమో తలెత్తవు. హార్మ్ అడిగాడు, వెళ్లాను. మంచివాడు, నాకేం లోటు చెయ్యలేదు. కానీ ఒక్క మాట అడగడానికి ఇన్నేళ్లూ, ఇంత ఇనుమూ కావలసొచ్చాయా నీకు?"

ఆ వేసవి సాలు చివర తిరిగిన ప్రతిసారీ దండెం నిండుగానే ఉండేదని ఆర్లోకి ఇప్పుడు గుర్తొచ్చింది. ఆమె లేచి, కప్పులు లోపల పెట్టి, తలకు రుమాలు కట్టుకుని వచ్చింది.

"పద. వాళ్లను అందుకోలేంగాని, మా నాన్న ఇంటి దాకా పోయొద్దాం."

"అక్కడ ఇల్లేదుగా ఇప్పుడు."

"చోటుందిగా."

ఆమె మడ్‌గార్డు మీది సీటులో కూర్చుని, ఒక చేత్తో అతని భుజం పట్టుకుంది, పడకుండా. ఆర్లో డబ్బా పక్క నుంచి ఎంతో దూరంగా, మెల్లగా బండిని రోడ్డెక్కించాడు. ఐలర్స్ వాళ్ల ఇల్లు ఉండే చోట ఇప్పుడు సోయా మొలకలు ఉన్నాయి. ఇద్దరూ కాసేపు చూశారు. వెనక్కి తిరగడానికి ఇరుకు కాళ్లకైతే రోడ్డు వెడల్పు చాలేది. ఈ బండి చేను మొదట్లోకి దిగి, పెద్ద చుట్టు చుట్టి రావాలి. ఆర్లో తొందరపడలేదు. ఆ చుట్టు అయిపోయే దాకా ఆమె చెయ్యి అతని భుజం మీదే ఉంది.