మా అత్త మొక్కిన సముద్రం

లోకంలో తల్లులు పిల్లలకు జబ్బు చేస్తే కోడిని మొక్కుతారు. కొంచెం కలిగినవాళ్లు మేకను మొక్కుతారు. మా అత్త సముద్రాన్ని మొక్కింది.

మా ఆయనకు మూడేళ్లప్పుడు కోరింత దగ్గు వచ్చిందట. పిల్లవాడు నీలంగా మారి, ఊపిరి అందక కొట్టుకుంటుంటే ఆ భయంలో ఆమె నోటికి వచ్చిన మాట అది. "వీడు బతికితే మాఘ పున్నం నాడు సముద్రంల మూడు మునుగులు మునుగుత" అని అనేసింది. బోధన్ దగ్గర ఒక చెరుకు ఊళ్లో పుట్టి ఇంకో చెరుకు ఊళ్లో మెట్టిన మనిషి. సముద్రం ఏ దిక్కున ఉంటుందో కూడా తెలియదు. పిల్లవాడు బతికాడు, మీసాలు వచ్చాయి, నన్ను పెళ్లి కూడా చేసుకున్నాడు. సముద్రం మాత్రం ఉన్నచోటే ఉంది.

"ఒక్క కోడిని మొక్కితే ఎన్నడో కోసుకొని తిందుము గద అత్తమ్మా" అని నేను ఎగతాళి చేసేదాన్ని.

"నీ అసువంటి కోడలు అస్తదని ఎరుకుంటే నోరే తెరవకపోదును పిల్లా" అనేది ఆమె. మాటకు మాట అప్పజెప్పకుండా ఆమెకు అన్నం అరిగేది కాదు. నాకూ అంతే. అందుకే మా ఇద్దరికీ పడింది.

నేను నిజామాబాద్ పట్నం పిల్లను. మా పుట్టింట్లో ఆడవాళ్లందరివీ బీడీలు చుట్టే చేతులే. కాపురానికి వస్తూ బీడీల చేట, కత్తెర వెంట తెచ్చుకున్నాను. మా ఆయనకు దుకాణం బీడీ రుచించేది కాదు. "నీ చేతి బీడీల ఏమున్నదో గని, గుంజుతుంటే పానం లేసొస్తది" అని మురిసిపోయేవాడు. నేనూ మురిసిపోయి, రోజూ నాలుగు ఎక్కువే చుట్టి అత్త చూడకుండా చేతిలో పెట్టేదాన్ని. కొత్త కాపురంలో మొగుడు మెచ్చుకుంటే లొంగని ఆడది ఉంటే చూపించండి.

పోచంపాడు దగ్గర గోదావరికి కట్ట కడుతున్న రోజులవి. ఆ ఏడు దసరా నుంచి మా ఆయనకు దగ్గు పట్టుకుంది. మిరియాల కషాయం అయింది, తులసి రసం అయింది, బోధన్ డాక్టరు సీసా మందు కూడా అయింది. దగ్గు మాత్రం పోలేదు. ఆయన దగ్గినప్పుడల్లా అత్త చేస్తున్న పని ఆపి, ఆ దగ్గు ముగిసేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేది. ముప్పై ఏళ్ల కిందటి భయం ఆమెకు మళ్లీ వచ్చింది. మొక్కు తీర్చలేదని దేవుడు గుర్తు చేస్తున్నాడని ఆమె గట్టి నమ్మకం. ఆ దగ్గుకూ నా చేటకూ సంబంధం ఉందేమోనని నాకు అనుమానం రాకపోలేదు. వచ్చినప్పుడల్లా దాన్ని పక్కకు నెట్టి మరో ఆకు కత్తిరించాను.

"ఈ మాఘ పున్నంకు నన్ను సముద్రంల ముంచుర్రి. లేకుంటే నా కొడుకు నాకు దక్కడు" అని అత్త ఒక పొద్దున పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. ఆమె ఏడవగా చూడడం నాకు అదే మొదలు. ఆ పూట నేను ఎగతాళి చేయలేదు.

కానీ సముద్రానికి ఎలా పోతాం? రైళ్లు మారుకుంటూ రెండు రోజులు పోవాలి, రెండు రోజులు రావాలి. మాఘమాసమంటే చెరుకు కోతల కాలం. ఫ్యాక్టరీ నుంచి కోత చిట్టీ ఏ రోజు వస్తుందో తెలియదు. వచ్చిన రోజు కోసి బండ్లకు ఎత్తకపోతే వరుస తప్పుతుంది, చెరుకు నిలబడి ఎండుతుంది. అప్పుడు మా అత్త తమ్ముడు, అంటే మా ఆయన మేనమామ, దారి చూపించాడు. ఆయనది నిజాంసాగర్ శిఖం సాగు. అంటే, నీళ్లు వెనక్కి తగ్గుతున్నకొద్దీ బయటపడే తడినేలలో కర్బూజా, దోస గింజలు పెట్టుకుంటూ పోవడం.

"అక్కా, మా నిజాంసాగర్‌కు ఏం తక్కువ? మిట్టమధ్యాహ్నం సుత అవుతలి ఒడ్డు కనవడది. దాన్ని మించిన సముద్రం ఏడుంటది?" అన్నాడు ఆయన. ఆయన కూడా సముద్రాన్ని చూడలేదని వేరే చెప్పనక్కర లేదు.

అత్త ఒక రోజంతా ఆలోచించింది. "గంగమ్మ ఏడున్నా గంగమ్మనే" అని చివరికి ఒప్పుకుంది. అయితే ఒక షరతు పెట్టింది. పెద్ద మొక్కు కాబట్టి నీళ్ల ఒడ్డున మూడు రోజులు నిద్ర చేసి, నాలుగో పొద్దున స్నానం చేయాలి. గుడికి పోయి నిద్ర చేసినట్టే సముద్రానికీ చేయాలని ఆమె లెక్క. పైగా నీళ్లలోకి తన కాళ్ల మీదనే నడిచి దిగుతానంది. మోకాళ్లు పట్టేసి ఇంట్లో గడప దాటడానికే గోడ పట్టుకునే మనిషి!

బండిలో గడ్డి పరుచుకుని, కాస్త పొద్దెక్కాక బయలుదేరి పొద్దు గూకే వేళకు చేరాం. మామ తన గుడిసె పక్కన గట్టినేల మీద మాకు చోటు చూపించాడు. మా ఆయన వినలేదు. అవ్వకు, అంటే తల్లికి, నడక తగ్గాలని నీళ్ల అంచుకు పది అడుగుల దూరంలో గుంజలు పాతాడు.

"అల్లుడా, ఈ నీళ్లు రోజుకు రెండు అడుగులు ఎనుకకు పోతయిరా" అని మామ చెప్పాడు.

"మూడు రోజులకు ఆరడుగులు. గంతేనా?" అని మా ఆయన జొన్న సొప్పతో గుడిసె కప్పేశాడు.

సామాను సర్దుతుంటే నాకొక బరువైన మూట తగిలింది. విప్పితే సేరు రాళ్ల ఉప్పు.

"గిదేందత్తమ్మా, మూడు రోజుల పప్పుకు గింత ఉప్పా?"

"సముద్రం ఉప్పగుంటదట గద. దిగేముందు నీళ్లల్ల సల్లుత" అంది తల వంచుకుని.

"నిజాంసాగర్‌కు సేరు ఉప్పు సాలుతదా?"

"నేను దిగే జాగకు సాలుతది. నువ్వు నోర్మూసుకొని పొయ్యి పెట్టు."

నవ్వు ఆపుకోలేక పొయ్యి ఊదే వంకతో తల పక్కకు తిప్పుకున్నాను. పొగ వచ్చి కళ్లలో పడింది. తగిన శాస్తి.

చుట్టాలమని మామ మమ్మల్ని కూర్చోబెట్టలేదు. తెల్లారగానే దోసెడు గింజలు నా చేతిలో పోశాడు. నీళ్లు వదిలిన నేల మెత్తగా, చల్లగా ఉంది. చేతితో గుంట తీసి, పిడికెడు పశువుల ఎరువు వేసి, నాలుగు గింజలు గుచ్చి మూయాలి. పట్నంలో కూర్చుని చేసే పనే తెలిసిన నాకు మధ్యాహ్నానికి నడుము రెండుగా విరిగింది. అత్త ఒడ్డున పీట వేసుకుని, నేను పెట్టిన ప్రతి గుంటకూ వంక పెట్టింది.

రెండో రోజు పొద్దున లేచి చూస్తే నీళ్లు నలభై అడుగుల దూరం జరిగాయి. మామ తల గోక్కున్నాడు. "ఎన్నడు గిట్ల పోలె" అంటూనే, గింజలకు ఇంత నేల దొరికిందని సంబరంగా గంప ఎత్తుకున్నాడు. మూడో రోజుకు వంద దాటింది. నిన్న మొన్న సముద్రం ఉన్నచోట నేను దోస గింజలు గుచ్చుతున్నాను.

"మీ సముద్రం నన్ను సూసి ఉరుకుతున్నది అత్తమ్మా" అన్నాను.

అత్త నీళ్ల వైపే చూస్తూ మోకాళ్లు రాసుకుంది. మా ఆయన ఆ రోజంతా ఎవరి కళ్లలోకీ చూడలేదు. మామూలుగా వాగుడుకాయ. అంత నిశ్శబ్దంగా ఉంటే ఏదో కొంప ముంచాడని నాకు అప్పుడే అర్థం కావలసింది.

పున్నమి పొద్దున ఉప్పుమూట చంకన పెట్టుకుని అత్త గుడిసె బయటికి వచ్చింది. నీళ్లు ఎక్కడో తెల్లగా గీత గీసినట్టున్నాయి. మధ్యలో అంతా నల్లటి బురద. ఒక అడుగు వేసింది, చీలమండ దిగింది. రెండో అడుగుకు పిక్క దిగింది. నేను రెక్క పట్టుకోకపోతే ముందుకు పడేది.

"నడిచే దిగుతనని మొక్కుకుంటి" అంది. 

"నేను మోస్త అవ్వా, ఎక్కు" అని మా ఆయన వంగాడు. ఆమె వద్దంటున్నా వీపు మీద ఎత్తుకుని నడిచాడు. ఇరవై అడుగులు పోయేసరికి మోకాళ్ల దాకా కూరుకుపోయాడు. అక్కడే దగ్గు అందుకుంది. ఒకటి కాదు, రెండు కాదు. వీపు మీద తల్లి, కాళ్లకు చల్లటి బురద, కిందికీ మీదికీ ఊగిపోతూ దగ్గుతున్నాడు. 

"మలుగు! మలుగురా! నాకే మునుగు వద్దు, నువ్వు ఒడ్డెక్కు" అని అత్త ఆయన వీపు మీద గుద్దుతూ అరిచింది. ఎవరి దగ్గు కోసం మొక్కిందో, వాడే దగ్గుతుంటే ఆమెకు మొక్కు ఏం కనిపిస్తుంది?

మామ, నేను చెరో చేయి పట్టి లాగి ఒడ్డు చేర్చాం. పొయ్యి పక్కన కూర్చోబెట్టి వేడినీళ్లు తాగించాక, మా ఆయన నేల చూస్తూ నిజం చెప్పాడు.

"పోయిన నెల కాలువ ఆఫీసుల దరఖాస్తు ఇచ్చిన అవ్వా. చెరుకు ఎండుతున్నది, నీళ్లు ఇడువుర్రి అని. ఊరందరితోని దస్కతులు సుత పెట్టిచ్చిన. మూడేండ్ల సంది ఇస్తనే ఉన్నం, ఎన్నడన్న ఇన్నరా? గీసారే గింత జల్ది ఇడుస్తరని నాకేమెరుక?"

మామ ముందు నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. మూడు రోజులు నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు కూర్చున్నాడు కదా ఈ మనిషి! కడిగిపారేద్దామని నోరు తెరిచాను. అంతలో అత్త అడిగింది.

"గా నీళ్లు గిప్పుడు ఏడున్నయిరా?"

"మన ఊరి కాలువల అవ్వా. ఈపాటికి మన చెరుకుల పారుతుండాలె."

"మరి సముద్రం మన ఇంటికి పోతే మనం గీడ ఏం జేస్తున్నం? బండి కట్టు" అంది.

పొద్దు వాలే వేళకు మా చేను చేరాం. ఒక పక్క సూర్యుడు దిగుతున్నాడు, ఇంకో పక్క పున్నమి చంద్రుడు చెరుకు ఆకుల మీదికి వస్తున్నాడు. పంట కాలువ నిండుగా, కొంచెం ఎర్రగా పారుతోంది. గట్టున గడ్డి పట్టుకుని, ఎవరి చేయీ అందుకోకుండా, అత్త తన కాళ్ల మీదనే దిగింది. నీళ్లు నడుము దాకా వచ్చాయి. ఉప్పుమూట విప్పింది. పిడికెడు తీసి చేయి పైకెత్తింది.

చేయి అలాగే ఆగిపోయింది. కాలువ పోయేది ఎటో ఆమె చూసింది. అటు రెండు మడుల అవతల కొత్తగా నాటిన చెరుకు, జానెడు మొలకలు.

"వద్దు. లేత చెరుకు, ఉప్పు తాకితే సస్తది" అంది.

ముప్పై ఏళ్లు మోసిన మొక్కు అక్కడ నిలబడి ఉంది. ఆమె పిడికిలి చూసుకుంది. తరువాత అందులోంచి మూడు రాళ్లు ఏరింది. ఒకటి తన నాలుక మీద వేసుకుంది. ఒకటి గట్టున కూర్చున్న కొడుకు నోట్లో పెట్టింది. మూడోది నాకు చాపింది. నేను వంగి నోరు తెరిచాను.

మూడు మునుగులు మునిగింది. మూడోసారి లేచాక, ముఖం తుడవడానికి నేను కొంగు అందిస్తే నా మణికట్టు పట్టుకుని దగ్గరికి లాగింది. మా ఆయనకు వినబడకుండా మెల్లగా అంది.

"నా ఉప్పు తిన్నవు బిడ్డా. ఇగ వానికి బీడీ సుట్టియ్యకు."

నా నోట్లో ఉప్పురాయి ఇంకా కరగలేదు. "నీకు ఎప్పటి సంది ఎరుక అత్తమ్మా?" అన్నాను.

"దసరా సంది ఎరుకే."

"మరి ఒక్కనాడన్న అనకపోతివి?"

"నా మాట నేను నిలవెట్టుకోకుంట నిన్నెట్ల అడుగుత?"

చలికి ఆమె పళ్లు కొట్టుకుంటున్నాయి. నేను గట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. మా ఆయన కంగారుపడి "ఏమైంది, ఏమైంది" అంటే, "నీ కోడలు ఉప్పు ఓర్వది రా, పట్నం నాలుక" అని ఆమె నవ్వింది. కంగారులో కొడుక్కి నన్ను కోడల్ని చేసేసింది. ఆ తడబాటును నేను చాలా ఏళ్లు వాడుకున్నాను.

మర్నాడు ఆకు, తంబాకు మూటగట్టి పుట్టింటికి పంపేశాను. మా ఆయన వారం రోజులు అలిగాడు. దుకాణం బీడీ కొనుక్కుని, గడ్డి కాల్చినట్టుందని తిట్టుకుంటూ తానే మానేశాడు. ఉగాదికి దగ్గు పోయింది.

సముద్ర స్నానంతో తన కొడుకు దగ్గు మాయమైందని అత్త ఊరంతా చెప్పుకుంది. చెబుతూ చెబుతూ నా వైపు ఒకసారి చూసేది. నేను మా పాత బీడీల చేటలో బియ్యం చెరుగుతూ, అవునని తల ఊపేదాన్ని.