కొత్తల పండుగకు ముందే రాలిన కాయలు

ఈమధ్య మా వీధి చివరి పండ్ల దుకాణంలో చలి పూర్తిగా పోకముందే పచ్చి మామిడికాయలు కనిపించాయి. ఏ ఊరివో అమ్మేవాడికీ తెలియదు. ఒకదాన్ని ముచ్చిక దగ్గర గిల్లితే సన్నగా సొన వాసన వచ్చింది. భద్రాచలం దగ్గరి దుమ్ముగూడెం అవతల అడవి అంచున గడిచిన నా చిన్నతనంలో ఆ వాసన కోసం చాలా ఓపిక పట్టాల్సి వచ్చేది.

మా తాత గుంటూరు వైపు నుంచి వచ్చి అక్కడ సేద్యంలో స్థిరపడ్డాడు. పొలం గట్టు మీద వరసగా నాటు మామిడి చెట్లు, గట్టు దాటితే కోయగూడెం. ఎండలు ముదిరేసరికి అడవిలోంచి ఇప్పపువ్వు తియ్యటి వాసన ఇంట్లోకి వచ్చేది, గూడెం పిల్లలతో కలిసి తిరిగి పావడా ఒడి నిండా తునికి పండ్లు తెచ్చుకునేదాన్ని, మధ్యాహ్నాలు వసారాలో చింతపిక్కలు ఆడి అలిసిపోతే నాయనమ్మ చద్దన్నంలో గంజి పోసి, ఉల్లిపాయ చితక్కొట్టి పెట్టేది. కంచంలో మెతుకు మిగిలితే లేవనిచ్చేది కాదు. కంచం కడిగిన నీళ్లు కూడా బర్రె కుడితిలోకే పోయేవి.

చెట్లు కాయలతో వంగిపోయినా మేం రాయి విసరకూడదు. గూడెంలో కొత్తల పండుగ చేసి, ఆ ఏడాది మొదటి కాయ తమ దేవతకు పెట్టేదాకా వాళ్లు మామిడికాయ ముట్టరు. గూడెం నుంచి మా నాట్లకు వచ్చే లచ్చక్క, నాయనమ్మ అరుగు మీద ఆకూ వక్కా పంచుకునే స్నేహితులు. ఆ స్నేహంతోనే ఆ కట్టుబాటు మా ఇంట్లోకీ వచ్చింది.

ఒక ఏడు బాబాయి ఖమ్మం నుంచి పచ్చడి కాయల వ్యాపారిని తీసుకొచ్చాడు. అతను చెట్లు చూసి, వెంటనే కోసిస్తే మొత్తం తీసుకుంటానన్నాడు.

"పండుగ వాళ్లది, చెట్లు మనయి. ఇప్పుడు కొయ్యకుంటే గాలికి రాల్తయి. అప్పుడేం చేస్తవమ్మా?" అన్నాడు బాబాయి.

"చెట్టు మన గట్టు మీదుంది గానీ, దాని కాయ మీద బతికేది మనమొక్కళ్లమేనా? పండగ దాకా ఆగుదాంరా," అంది నాయనమ్మ.

వ్యాపారి ఆగలేదు. గాలీ ఆగలేదు. పండుగ ఇంకా కొన్నాళ్లుందనగా ఒక మధ్యాహ్నం ఎర్రటి దుమారం లేచి, వడగళ్లతో వాన కొట్టి వెలిసింది. గట్టు పొడుగునా నేల కనిపించకుండా కాయలు. బాబాయి ఒక కాయను కాలితో దొర్లించాడు. గూడెం ఆడవాళ్లు బుట్టలతో వచ్చారు కానీ ఒక్కరూ వంగి ఏరలేదు. పగిలిన కాయలు ఆ ఎండకు ఎంతోసేపు నిలవవని అందరికీ తెలుసు. లచ్చక్క గూడెంలోకి పరుగున వెళ్లి ముసలి పూజారిని తీసుకొచ్చింది. ఆయన చెట్ల కింద తిరిగి, గొంతుక్కూర్చుని ఒక కాయ వాసన చూశాడు.

"రేపు పొద్దుగాలనే పండుగ చేద్దాం. తినేది మన్నుల కలిస్తే తల్లి ఊకుంటదా?"

బాబాయికి మండింది. "గిట్ల ముందుకు జరుపుకోవచ్చా? మొన్ననే జరిపితే అయిపోతుండె గదా!"

"మొన్న కాయలు చెట్టుకే ఉన్నయి గద బిడ్డా," అన్నాడు పూజారి.

తెల్లారి పండుగయింది. ఆ తర్వాత మేమూ లచ్చక్క వాళ్లూ మా వాకిట్లోనే కూర్చుని కాయలు తరిగాం. దెబ్బతిన్న కాయ ఆవకాయకు పనికిరాదు కనుక ముక్కలన్నీ ఒరుగులుగా ఎండాయి. టెంకలు పగలగొట్టి, లోపలి జీడిని ఎండబెట్టి గూడెం వాళ్లు దాచుకున్నారు. సాయంత్రానికి బాబాయి కూడా కత్తిపీట ముందు కూర్చున్నాడు.

ఆ వానాకాలం వాగు పొంగి దారి మూసుకుపోయింది, సంత సాగలేదు. మా ఇంట్లో ఒరుగుల పప్పు, ఒరుగుల పులుసు. వగరు పోయేదాకా నానబెట్టి దంచిన టెంకపిండితో కాచిన జావ లచ్చక్క ఇంటి నుంచి వచ్చేది, మా పప్పు అటు వెళ్లేది. జావ నాకు నచ్చేది కాదు, అయినా తాగేదాన్ని. ఆవకాయ లేని ఏడాది నాయనమ్మ జీవితంలో అదొక్కటే. ఆ సంగతి ఎవరెత్తినా బాబాయి చివరిదాకా ముఖం ముడుచుకునేవాడు. కానీ మరుసటేడు ఎవరూ చెప్పకుండానే పండుగ దాకా ఆగాడు.

ఇప్పుడు నాయనమ్మా లేదు, లచ్చక్కా లేదు. గట్టూ చెట్లూ పోయి, ఆ నేలంతా జామాయిల్ తోట. దాని కింద ఏరుకోవడానికి ఏమీ రాలదు. ఇప్పచెట్లు తగ్గాయి, టెంకజావ కాచేవాళ్లు గూడెంలో లేరు. పోయిన వేసవిలో వెళ్లినప్పుడు లచ్చక్క కూతురు భద్రాచలం సంత నుంచి అప్పుడే వచ్చి, మామిడికాయల సంచిని దూలానికి తగిలిస్తోంది. ఆమె మనవరాలు చెయ్యి చాచింది.

"కొనుక్కొచ్చినవే కదా," అన్నాను.

"అవ్, కొన్నయే. అయితే ఏంది? రేపు పండుగైనంక తిందాం," అంది లచ్చక్క కూతురు.

ఆ పూట ముగ్గురం ఉత్త పప్పుతో అన్నం తిన్నాం.