బుడగల తుపాకి, బియ్యం సంచి

ఆదివారం పొద్దున కుట్టుమిషనుకు నూనె వేద్దామని కూర్చున్నాను. నల్లగండ్లలో మా బాల్కనీలోకి ఎండ అప్పుడే వస్తోంది. సీసా మూత తీయగానే ఆ పల్చటి నూనె వాసన ముక్కుకు తగిలి, జాకెట్టు కుట్టాలన్న సంగతే మరిచిపోయాను. ఆ వాసనకి అందరికీ దర్జీ కొట్టు గుర్తొస్తుంది. నాకు తుపాకి గుర్తొస్తుంది. తుపాకిని ఇదే నూనెతో తుడిచి, ఒళ్లో పెట్టుకుని కూర్చునే మల్లయ్యగారు గుర్తొస్తారు.

తొంభైల చివర్లో మాదాపూర్ అంటే రాళ్లగుట్టలు, కంకర లారీలు. గుండ్రటి పెద్ద భవనం ఒకటి కొత్తగా లేచింది, దానికి కొంచెం దూరంలో మా బోటి చిన్న కంపెనీలు. పొద్దు వాలితే రోడ్డు మీద మనిషి కనపడడు, కంప్యూటర్లేమో బంగారంతో సమానం. అందుకని మా ఎండీగారు తుపాకి ఉన్న కాపలా మనిషిని ఏజెన్సీ నుంచి పెట్టించారు. ఆయనే మల్లయ్యగారు. మెదక్ వైపు మనిషి, మిలటరీలో చేసి వచ్చారు. నేను కాకినాడలో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివి, ఆపైన ఆర్నెల్ల కంప్యూటర్ కోర్సు చేసి దిగినదాన్ని. నాకు తెలియనిది ఏదీ లేదనుకునే వయసు.

మేము ఎవరో విదేశీయుల కోసం కంప్యూటర్ ఆట తయారుచేస్తున్నాం. అందులో తూటా తగిలినవాడు గాల్లోకి లేచి పది అడుగులు వెనక్కి పడతాడు. ఆ ఎగరడం లెక్క నాదే, అదంటే నాకు మహా గర్వం. ఒక రోజు టపా ఇవ్వడానికి లోపలికి వచ్చిన మల్లయ్యగారు నా తెర ముందు ఆగారు.

"కాల్చినోడు నిలబడే ఉన్నడు. తగిలినోడు గట్ల ఎగురుతడా బిడ్డా?" అన్నారు.

సినిమాలన్నిటిలో అలాగే ఉంటుందని, తూటా బలం అలాంటిదని చెప్పాను. ఆయన నవ్వలేదు. "నువ్వు చూసినవా?" అని మాత్రం అడిగి వెళ్లిపోయారు. చర్యకు ప్రతిచర్య సమానమని చిన్నప్పుడే బట్టీపట్టినదాన్ని. తూటా ముందుకు పోయేటప్పుడు తుపాకి కాల్చినవాడి భుజాన్ని వెనక్కి తోస్తుందని, ఆ తోపుకే అతను పడనప్పుడు తగిలినవాడు ఎగిరిపడడని ఆయన అడిగితే గాని నాకు తట్టలేదు. సిగ్గేసింది. నిజం చెప్పాలంటే సిగ్గుకంటే ముందు కోపం వచ్చింది.

ఆ కోపంలోనే పరీక్ష పెట్టి చూద్దామన్నాను. తన తుపాకి పరీక్షలకు కాదని ఆయన కచ్చితంగా చెప్పేశారు. బదులుగా ఆదివారం మియాపూర్‌లో రోడ్డు పక్కన బుడగలు కాల్పించే బండి దగ్గరికి రమ్మన్నారు. బండివాడిని ఒప్పించి, బుడగల అట్ట తీయించి, అయిదు కిలోల బియ్యం సంచిని తాడుతో వేలాడదీశారు. నేను కాల్చిన గుండ్లలో సగం తగిలాయి. సంచికి చిల్లులు పడి బియ్యం రాలాయి గాని, సంచి కాస్త వణికి ఊరుకుంది. మల్లయ్యగారు కింద వంగి ఆ గింజలన్నీ ఏరి రుమాల్లో కట్టుకున్నారు. నేను నోటుపుస్తకం తీసి, తూటా మనిషిని తోయలేదని రాశాను. ఏం రాశావని అడిగి చదివించుకున్నారు.

"మనం చూసింది బుడగల తుపాకి, బియ్యం సంచి. చూసినంతే రాయి."

ఇంత చేసి ఇంతేనా అని నా ప్రాణం ఉసూరుమంది. అయినా కొట్టేసి, మళ్లీ రాశాను.

అప్పటి నుంచి మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇలా ఏదో ఒక నమ్మకాన్ని పరీక్షించి చూడడమే మాకు కాలక్షేపం. ఒకసారి ఆయనే ఓడారు. నేలకు సమాంతరంగా కాల్చిన గుండు జోరు మీద ఉంటుంది కాబట్టి చేతిలోంచి జారిన గుండుకంటే ఆలస్యంగా నేలకు పడుతుందని ఆయన గట్టి నమ్మకం. బల్ల అంచున రెండు రూపాయి బిళ్లలు పెట్టి, స్కేలుతో ఒకదాన్ని దూరంగా కొట్టి, అదే క్షణంలో రెండోదాన్ని తిన్నగా కింద పడేలా చేశాను. రెండూ ఒకే చప్పుడుతో పడ్డాయి. పదిసార్లు చేయించుకుని విన్నారు. మిలటరీలో అన్నేళ్లు తప్పు నమ్మానని, ఆ మాట కూడా రాసుకోమని చెప్పారు. ఓడిపోవడం అంత తేలిగ్గా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

కొన్నాళ్లకు మా ఆఫీసు పై అంతస్తు తీసుకుంది. పూజ అయ్యాక ఎండీగారి చుట్టాల పెద్దాయన ఒకరు, శుభమా అని గాల్లోకి ఒక తూటా పేల్చమన్నారు. పైకి పోయిన గుండు బలం చచ్చి ఎక్కడో పడిపోతుందని ఆయన ధీమా. మల్లయ్యగారు పేల్చనన్నారు. నలుగురిలో తలకొట్టేసినట్టయింది ఎండీగారికి. రేపటి నుంచి వేరే మనిషిని పంపమని ఏజెన్సీకి ఫోను చేయించారు. ఆ ఉద్యోగం పోతే మల్లయ్యగారికి మదీనాగూడలో ఇంటి కిరాయి కట్టే దారి లేదని నాకు తెలుసు. ఇంటికి పోయి కూర్చుని ఒక లెక్క వేశాను. పైకి పోయిన తూటా బయల్దేరిన వేగంతోనే తిరిగి వస్తుందని, నెత్తిన పడితే మనిషి బతకడని తేల్చాను. పొద్దున్నే ఆ కాగితం ఎండీగారి బల్ల మీద పెట్టాను. ఆయన చదువుతుండగా, తాళాలు అప్పగించడానికి మల్లయ్యగారు వచ్చారు. ఎండీగారు నా లెక్క చదివి వినిపించి, నిజమేనా అని అడిగారు.

మల్లయ్యగారు నా వైపు తిరిగారు. "గాలి ఏడ పోయింది బిడ్డా?" అని, మళ్లీ ఎండీగారి వైపు తిరిగి, "గంత జోరుగ రాదు సార్. గాలి ఆపుతది" అన్నారు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. గాలిని కావాలనే వదిలేసి ఆయన కోసం అల్లిన అబద్ధాన్ని ఆయనే విప్పేశారు.

"అయితే చంపదా?" అన్నారు ఎండీగారు.

"ఎరుక లేదు సార్. నేను చూడలె. కింద కూలోళ్ల గుడిసెలున్నయి. ఎరుక లేదనే పేల్చలె."

ఎండీగారు కాగితం నా వైపు తిప్పారు. గాలిని వదిలేసిన చోట ఎర్ర సిరాతో అప్పటికే సున్నా చుట్టి ఉంది. ఆయనా ఇంజనీరే. ఆ కాగితం మేము కూడబలుక్కుని రాసిందనుకుని ఇద్దరినీ పంపేద్దామనుకున్నానని చెప్పారు. తర్వాత కిటికీలోంచి కిందికి, టార్పాలిన్ పట్టాలు కప్పిన ఆ గుడిసెల వైపు చాలాసేపు చూశారు. మల్లయ్యగారిని పోయి గేటు దగ్గర కూర్చోమన్నారు. నన్ను మాత్రం లెక్కల నుంచి తీసి, ఇతరులు రాసిన ప్రోగ్రాములను పరీక్షించే పనిలో వేశారు. శిక్ష అనుకున్నాను. ఇప్పటికీ దాని మీదే బతుకుతున్నాను.

తర్వాత పుస్తకాలు తిరగేశాను. గాలి ఆ వేగాన్ని బాగా తగ్గిస్తుందట, అయినా కిందపడే తూటా ప్రాణం తీయగలదట. చదివిందే గాని చూసింది కాదు. నేను రాసే ప్రతి రిపోర్టు చివరా 'మేము చూడనివి' అని ఒక భాగం ఉంటుంది. తీసేయమని మేనేజర్లు ఎన్నిసార్లు విసుక్కున్నా తీయలేదు. నిన్న కూడా అందులో నాలుగు వరుసలు రాశాను.

మల్లయ్యగారు ఆ ఉద్యోగం మానేసి ఊరికి వెళ్లి చాలా ఏళ్లయింది. ఆయన పోయారని ఈమధ్య ఎవరో అన్నారు. ఆ మాట చెప్పినాయన కూడా ఎవరి నోటనో విన్నారట. నేను చూడలేదు. అందుకే అది రాయడం లేదు.