రాజంపేట నర్సమ్మ చిరునామా

1955 ఎండాకాలం. కడప జిల్లా పోలీసాఫీసులో ఫారినర్స్ రిజిస్ట్రేషన్ పని నేను చూసేవాణ్ణి. విదేశీయులెవరైనా జిల్లాలో ఉండటానికి వస్తే, గడువులోగా స్వయంగా వచ్చి పేరు, చిరునామా నమోదు చేయించుకోవాలి. అప్పుడు రెసిడెన్షియల్ పర్మిట్, అంటే ఇక్కడ నివసించడానికి అనుమతి పత్రం, ఇస్తాం. గడువు దాటితే పైకి రిపోర్టు రాయాల్సిందే. ఆ తర్వాత మనిషిని దేశంలో ఉండనిస్తారో లేదో మా చేతుల్లో ఉండదు.

రాజంపేట దగ్గర మిషన్ ఆసుపత్రికి హాలండ్ నుంచి కొత్తగా ఒక నర్సు వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. గడువు చివరి రోజున, ఆసుపత్రి ఆయా రత్నమ్మను తోడు తీసుకుని వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. పాస్‌పోర్టు అడిగితే రెండు చేతులతో గుండెకు అదుముకుంది.

"ఈ కాగితం ఎవరు చదువుతారు?" అని బల్ల మీది నమోదు ఫారం వైపు చూస్తూ ఇంగ్లీషులో అడిగింది.

"మేమూ, మా పై అధికారులూ."

"తర్వాత మా ఇంటికి ఎవరైనా వస్తారా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "చిరునామా సరిచూడటానికి ఒక పోలీసు వస్తాడు" అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. పాస్‌పోర్టు పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయింది. ఆఫీసు కట్టేసే వేళవుతోంది. నమోదు అయిందా అని ఇన్‌స్పెక్టరు అప్పటికే ఒకసారి అడిగాడు. ఆమె అలాగే బస్సెక్కితే రిపోర్టు రాయాల్సింది నేనే.

వరండాలోకి వెళ్లి, ఏమైందని అడిగాను. అప్పుడు చెప్పింది. యుద్ధకాలంలో వాళ్ల దేశాన్ని జర్మన్లు ఆక్రమించినప్పుడు, యూదులంతా పేర్లు రాయించుకోవాలని ఆజ్ఞ వేశారట. పక్కింటి లీయా ఆమె చిన్ననాటి స్నేహితురాలు. ఒంటరిగా వెళ్లడానికి లీయా భయపడితే, ఈమే ధైర్యం చెప్పి వెంటబెట్టుకుని వెళ్లింది.

"తర్వాత సరిగ్గా ఆ చిరునామాకే వచ్చారు. లీయా మళ్లీ తిరిగి రాలేదు" అంది.

ఇది అలాంటిది కాదని చెప్పాలనుకున్నాను. లీయాకూ ఎవరో గుమాస్తా అదే మాట చెప్పి ఉంటాడనిపించింది.

రత్నమ్మ నా దగ్గరికొచ్చి మెల్లగా అంది: "అయ్యా, ఆయమ్మ శానా భయపడ్తాండాది. ఇంటికొచ్చేది ఎవురో సూపీ. మొగం తెలిస్తే రవంత కుదుటపడ్తాది."

హెడ్ కానిస్టేబుల్ మస్తాన్‌ను పిలిచి సంగతి చెప్పాను. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నేనే వస్తానమ్మా. పొద్దున పూటే వస్తా. ఆస్పత్రిలో రత్నమ్మ ఉండాది గదా, రత్నమ్మను పిల్సుకొనే వాకిట్లోకి వస్తా. ఇంగెవురూ రారు."

నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పాను. ఆమె మస్తాన్ ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి వచ్చి కూర్చుని, పాస్‌పోర్టు బల్ల మీద పెట్టింది. సంతకం చేస్తున్నంతసేపూ రత్నమ్మ ఆమె భుజం మీద చెయ్యి తీయలేదు.

మస్తాన్ చెప్పినట్టే వెళ్లొచ్చాడు. "కాఫీ ఇచ్చిందప్పా. సగం సాసర్లోనే ఒలికిపోయింది. అయినా తాగేదాంక కూసోమనింది" అన్నాడు.

ఆమె ఆ ఆసుపత్రిలో చాలా ఏళ్లు పనిచేసింది. పర్మిట్ పొడిగింపుకు వచ్చినప్పుడల్లా ముందు మస్తాన్ ఉన్నాడో లేడో కనుక్కునేది.

మాకది రోజువారీ పని. బల్లకు అవతల నిలబడ్డ మనిషి ఏం చూసి వచ్చాడో మాకు తెలియదు. అందుకే ఆనాటి నుంచి, కాగితం ఎవరి దగ్గరికి పోతుందో, ఇంటికి ఎవరు వస్తారో ముందు చెప్పి, ఆ తర్వాతే కలం చేతికిచ్చేవాణ్ణి.