హవు బృందంలో నినింగ్ గొంతు

నినింగ్‌కు నడక కంటే ముందు పాట వచ్చిందని వాళ్ళమ్మ చెప్పుకునేది. కొంత గొప్పకు పోయి చెప్పిన మాటే అయినా పూర్తిగా అబద్ధం కాదు. తల్లి కొయ్యబొమ్మలాట బృందంలో సిందెన్. బొమ్మలాడించే ఆయన కథ నడుపుతుంటే కంచు గంటల పక్కన కాళ్ళు మడుచుకు కూర్చుని పాట అందుకోవడం, జనంలోంచి ఎవడైనా చలోక్తి విసిరితే దానికి అంతకంటే ఘాటుగా జవాబు విసరడం ఆమె పని. పసిపిల్లప్పుడు నినింగ్ లారీలో ఆ గంటల మధ్యే నిద్రపోయి ఊళ్ళన్నీ తిరిగింది. వయసొచ్చాక తల్లి చోటులో తను కూర్చుంది. అదే బృందంలో మద్దెల వాయించే కర్నాను పెళ్ళాడింది. ఆయన్నే ఎందుకు చేసుకున్నావని అడిగితే, "నా పాటకు అడ్డం పడనివాడు ఈయనొక్కడే" అనేది.

తరవాత రోజులు మారాయి. పెళ్ళికి ఒక కీబోర్డూ పక్కన నవ్వుతూ నిలబడే ఒక కుర్రపిల్లా ఉంటే చాలనుకున్నారు జనం. బృందం చెదిరిపోయింది. కర్నా పందెం పావురాల ధ్యాసలో పడ్డాడు. నినింగ్ ఉజుంగ్‌బెరుంగ్‌లో ఒక స్టూడియో ఎదురుగా లోతెక్ కొట్టు పెట్టింది. వేయించిన వేరుశనగలు, మిరపకాయలు, కచ్చోరం, తాటిబెల్లం రాతిపళ్ళెంలో నూరి, ఉడికించిన కూరలు అందులో కలిపి ఆకులో పెట్టి ఇచ్చేది. ఆ కొట్టు దగ్గర ఎవరూ ఆమె నిట్టూర్పు వినలేదు. పాట పోయిందే అని ఎవరైనా జాలిపడబోతే, "పోయిందేమిటి, నూరేటప్పుడు పాడుతూనే ఉన్నాగా, ఈ రాయి వింటోంది" అని నవ్వేది.

ఎదుటి స్టూడియోలో రోజంతా మెటల్ సంగీతం మోగించే కుర్రాళ్ళే. బాండుంగ్ తూర్పు పేటల్లో ఆ మోత లేని సందు లేదు. నల్లచొక్కాలు, చేతుల నిండా పచ్చబొట్లు. లోపల ఉన్నంతసేపు పులి గుర్రుమన్నట్టు పాడేవాళ్ళు, ఇవతలికి రాగానే "అంబూ, మిరపకాయ ఒక్కటే వెయ్యవూ, కడుపులో బాగాలేదు" అని పిల్లల్లా గునిసేవాళ్ళు. కన్నతల్లిని పిలిచినట్టే అందరూ ఆమెను అంబూ అనే పిలిచేవాళ్ళు.

ఆ ఏడు పేటలో ఒక వార్త గుప్పుమంది. నాలుగు పేరుమోసిన బృందాల్లోంచి నలుగురు హేమాహేమీలు ఒకచోట చేరి కొత్త బృందం కట్టారని. దానికి హవు అని పేరు పెట్టారు. సుండా వాళ్ళ మాటలో మట్టిపొయ్యి అని. గిటారు గుమిలార్‌ది, డ్రమ్ములు దిక్‌దిక్‌వి, ఇంకా ఇద్దరు. ఎవరి బృందంలో వాళ్ళు రాజులు. ఒకే పొయ్యిలో నాలుగు కొరకంచులు పెడితే మంట వస్తుందా, పొగ వస్తుందా అని టీ కొట్ల దగ్గర వాదించుకున్నారు.

వాళ్ళ పాటలు అంతకుముందు ఎవరూ విననివి. పల్లవి ఉండదు, చరణం ఉండదు. తుఫానులా మోగి మోగి ఉన్నట్టుండి ఆగిపోయేవి. ఆ నిశ్శబ్దంలో ఎవరో వెదురుబొంగు నేలకేసి కొట్టేవారు. ఇంకోచోట ఇనపరేకు మీద గొలుసు ఈడ్చేవారు. అన్నీ కుదిరాయి గాని గొంతు కుదరలేదు. వచ్చిన ప్రతి గాయకుడూ తన పాత బృందంలో అరిచినట్టే అరిచిపోయాడు.

ఒక ఆదివారం పొద్దున నలుగురూ ఇస్త్రీ చేసిన బాతిక్ చొక్కాలు తొడుక్కుని, పచ్చబొట్లు కనపడకుండా చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకుని, పళ్ళబుట్ట పట్టుకుని కర్నా గుమ్మం ముందు నిలబడ్డారు. ఆ వాలకం చూస్తే ఎవరికైనా పిల్లనడగడానికి వచ్చారనే అనిపిస్తుంది. కూతురు వులన్, బడిలో టీచరు, కిటికీలోంచి చూసి వంటింట్లోకి పరుగెత్తింది.

"అంబూ, నేను ఒప్పుకోను. ఆ నలుగురిలో ఎవరైనా సరే, ఒప్పుకోను!"

"ముందు ఎవరో అడగనీ. తరవాత వద్దందువుగాని" అంది నినింగ్.

కర్నా వాళ్ళను చాప మీద కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. వాన సంగతి అయింది, పావురాల సంగతి అయింది. చివరికి గుమిలార్ గొంతు సవరించుకున్నాడు.

"మాంగ్ కర్నా, మీరు మాకు బాబాయి లాంటివారు, పెద్దవారు. మీ ఇంటి ఆడమనిషిని మాకు ఇమ్మని అడగడానికొచ్చాం."

"దానికి ఇష్టమైతే నాదేముంది నాయనా. బుద్ధిమంతురాలు, కాస్త కోపమెక్కువ."

"అమ్మాయిగారు కాదు మాంగ్. అంబూ."

కర్నా టీ గ్లాసు కింద పెట్టాడు. "నా పెళ్ళాన్నా?"

"పాటకి మాంగ్! పాటకి!" నలుగురూ ఒక్క గొంతుతో అరిచారు. ఆ బృందం మొదలైన నాటినుంచి నలుగురూ ఒక్కమాట మీద నిలబడింది అప్పుడే.

వంటింట్లో నినింగ్ పళ్ళెం బోర్లించి మరీ నవ్వింది. నవ్వాగాక ఇవతలికి వచ్చి కూర్చుంది. గుమిలార్ తల దించుకుని చెప్పాడు. "చిన్నప్పుడు మీ బొమ్మలాట వేదిక కింద దూరి పడుకునేవాణ్ణి అంబూ. మీరు పాట ఎత్తుకుంటే పైన చెక్కలు వణికేవి. మేం ఎన్ని స్పీకరు పెట్టెలు పెట్టి మోగించినా ఆ వణుకు రావడం లేదు."

"అప్పట్లో నేను లావుగా ఉండేదాన్ని రా. చెక్కలు అందుకు వణికి ఉంటాయి."

అయినా ఒప్పుకుంది. గుర్రుమనమంటే మాత్రం కుదరదంది. తన కెబాయా రవికె తనదే, నల్లచొక్కా తొడగనంది.

మొదట్లో అంతా అడ్డంగా నడిచింది. దిక్‌దిక్ గడియారం బాగుచేసేవాడిలా దెబ్బలు లెక్కపెట్టుకుని కొట్టే మనిషి. నినింగ్ పాటకు లెక్క లేదు. ఒక్కోసారి స్వరాన్ని పట్టుకుని ఊగించి ఊగించి, గంట మోగాల్సిన చోటికి తన ఇష్టమొచ్చినప్పుడు చేరేది.

"అంబూ, మళ్ళీ ఆలస్యంగా వచ్చారు."

"నేనా? నువ్వే తొందరపడ్డావు. పెళ్ళికూతురు రాకముందే భోజనం చేసి వెళ్ళిపోయే చుట్టంలా ఉన్నావు."

అంతవరకు హాస్యంగానే ఉంది. ఒకరోజు వాళ్ళు రికార్డు చేసినది వినిపించారు. నినింగ్ తన గొంతు తాను వినడం చాలా ఏళ్ళ తరవాత. పైస్థాయిలో గొంతు చీలిపోతోంది, అడుగున బొంగురు. లేచి కొట్టుకు వెళ్ళిపోయింది. మర్నాడు స్టూడియో వైపు చూడలేదు. ఆ సాయంత్రం భర్త పావురాలకు గింజలు వేస్తుంటే గూటి పక్కన కూర్చుంది.

"నా గొంతు ముసలిదైపోయిందయ్యా."

"అయింది. కాకేం చేస్తుంది?"

కాదంటాడని ఆశపడిందేమో, ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కర్నా గింజల డబ్బా పక్కన పెట్టాడు.

"మన పెద్దగంట అంచు పగిలినప్పుడు పారేశామా? ఎక్కడ కొడితే పలుకుతుందో వెతుక్కుని అక్కడ కొట్టాం. బొమ్మలాటలో రాక్షసుడు వచ్చేటప్పుడు ఆ పగిలిన గంటే కావాలని అడిగేవాడు బొమ్మలాయన. మర్చిపోయావా?"

"ఇప్పుడు నేను రాక్షసుణ్ణంటావు."

"ఇన్నాళ్ళకు తెలిసిందన్నమాట."

మర్నాడు కర్నా కూడా బయల్దేరాడు. స్టూడియోలో దిక్‌దిక్ పక్కన ముక్కాలిపీట వేయించుకుని కూర్చున్నాడు. చేతులు కట్టుకుని చాలాసేపు విన్నాడు.

"బాబూ, నువ్వు ఈవిడ వెంట పరుగెత్తుతున్నావు. సిందెన్ వెంట పరుగెత్తకూడదు. ఆవిడ వచ్చేదాకా గుమ్మంలో నిలబడాలి."

"ఎప్పుడొస్తారో ఎలా తెలుస్తుంది మాంగ్?"

"భుజం చూడు. ఎడమభుజం కాస్త దిగుతుంది. నేను ఇన్నేళ్ళు దాన్నే చూస్తూ బతికాను."

దిక్‌దిక్ భుజం చూడటం నేర్చుకున్నాడు. గుమిలార్ పైస్థాయి స్వరాలు తీసేసి, ఆమె గొంతు చీలే చోట తన గిటారును కూడా అలాగే బొంగురుగా పలికించాడు. రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఏది తీగో ఏది గొంతో తెలియలేదు. పాట అయ్యాక కూడా ఎవరూ వాద్యం కింద పెట్టలేదు. నినింగే, "ఆకలేస్తోందిరా, లేవండి" అంది.

మాంగ్లాయాంగ్ కొండ కింద మైదానంలో మొదటి కచేరీ. ఎండ తగ్గుతున్న వేళ. ఎటు చూసినా నల్లచొక్కాలే. నినింగ్ ఆకుపచ్చ కెబాయా వేసుకుని, కొప్పులో మల్లెలు తురుముకుని వచ్చి వేదిక మధ్య చాప మీద కూర్చుంది. ఒక పక్కగా కర్నా మద్దెల. జనం ఒక్కక్షణం నోరెళ్ళబెట్టి, తరవాత వేళాకోళం అందుకున్నారు.

"అమ్మమ్మా, లోతెక్ కట్టించుకొచ్చావా?"

నినింగ్ మైకు దగ్గరికి లాక్కుంది. "తెచ్చా నాయనా. నీ నోరు మూతపడేంత కారం వేసి తెచ్చా. అలాగే తెరిచి ఉంచు."

కర్నా మద్దెల మీద ఒక్క దెబ్బ వేశాడు. మైదానం గొల్లుమంది.

"గుర్రుమనండి అంబూ! గుర్రుమనండి!"

"పెళ్ళైన నాటినుంచి రాత్రుళ్ళు మా ఆయన గుర్రు వింటున్నా. ఇక్కడ కూడా అదేనా?"

మళ్ళీ మద్దెల దెబ్బ, ఈసారి కాస్త కోపంగా. నవ్వులు ఇంకా ఆగకముందే ఆమె పాట ఎత్తుకుంది. కోత చేలోంచి వరితల్లిని ఇంటికి పిలిచే పాత వరస. వెనక గిటార్లు కొండమీద మబ్బు దిగినట్టు మెల్లగా దిగాయి. అంతలో నలుగురూ ఒక్కసారిగా విరుచుకుపడ్డారు. నేల అదిరింది. ఆ మోత మధ్యలోంచి ఆ చీలిన గొంతు మునగకుండా, తొందరపడకుండా నడిచి వచ్చింది. ఒకచోట అన్నీ ఆగిపోయాయి. దిక్‌దిక్ కర్రలు గాలిలో ఎత్తిపట్టి ఆమె భుజం వైపు చూస్తూ నిలిచిపోయాడు. అన్ని వందలమందిలో ఒక్కరు దగ్గలేదు. భుజం దిగింది. దెబ్బ పడింది. ముందు వరసలో ఒక భారీ మనిషి ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు, పక్కవాడు వాడి వీపు నిమిరాడు.

వులన్ రానంటూనే వచ్చి చివర చెట్టు పక్కన నిలబడింది. ఆమె బడి పిల్లల్లో ఒకమ్మాయి చూడనే చూసింది.

"టీచర్, ఆవిడ మీ బంధువులా? ముక్కు మీలాగే ఉంది!"

"బంధువేమిటి, మా అమ్మ" అంది వులన్. అనేశాక కాస్త ముందుకు జరిగి నిలబడింది.

హవు రెండు రికార్డులు తెచ్చింది. జోగ్జాలో పాడారు, సురబాయాలో పాడారు, సముద్రం దాటి పెనాంగ్‌లోనూ పాడారు. అక్కడ హోటల్ చేపల పులుసు తిని నినింగ్ రెండురోజులు దాని గురించే మాట్లాడింది. తరవాత ఎవరి పాత బృందం వాళ్ళను పిలిచింది, వెళ్ళిపోయారు. కొట్లాట ఏమీ లేదు. ఆఖరి రోజు గుమిలార్ ముఖం వేలాడేసుకుంటే, "బొమ్మలాట కూడా తెల్లారేసరికి అయిపోతుంది కదరా. అయిపోకపోతే బొమ్మలాయన ఇంటికెప్పుడు వెళతాడు?" అని తల నిమిరింది.

కొట్టు తెరిచే ఉంది. శుక్రవారం ఖురాన్ చదువుకు వెళితే ఆడవాళ్ళు ఆ మోత పాటల గురించి ఆటపట్టిస్తారు, ఆమె వాళ్ళకు పెనాంగ్ పులుసు కథ చెబుతుంది. గుమిలార్ తన కొడుకు సున్తీ వేడుకకు కీబోర్డు వద్దు, నిజం గంటలే కావాలని పట్టుబట్టి, చెదిరిన పాత బృందంలో మిగిలినవాళ్ళను ఇంటింటికీ వెళ్ళి పోగుచేశాడు. పట్టపగలే బొమ్మలాట. నల్లచొక్కాలవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నినింగ్ మధ్యాహ్నం దాకా పాడింది. ఆపైన చేతులు కడుక్కుని భోజనానికి కూర్చుని, రెండో పళ్ళెం లోతెక్ తింటూ, గుమిలార్ భార్యను దగ్గరికి పిలిచి చెవిలో చెప్పింది.

"అన్నీ బాగున్నాయే తల్లీ. వేరుశనగలు ఇంకాస్త వేగాలి."