నోలా తోమిన ఇత్తడి

క్లారీ టాంకిన్ తన తుపాకిని ఇంకొకరి చేతికి ఇచ్చిన పాపాన పోలేదు. తండ్రి నుంచి వచ్చింది. దానికి సరిపడే తూటాలు కొట్లలో దొరకడం మానేసి నలభై ఏళ్ళు దాటింది. పేల్చిన తూటా ఇత్తడి గుల్లను ఏరుకొచ్చి, కడిగి, మళ్ళీ మందు కూరి గుండు బిగించుకోవాల్సిందే. ఆ గుల్లలు చేసిచ్చే ముసలాయన ఒకడు కోబార్ ఊళ్ళో ఉండేవాడు. ఆయన పోయాక పనిముట్లను కొడుకులు పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారు. వాళ్ళ తెలివి మండ! క్లారీకి మిగిలినవి అరవై గుల్లలు. ఒక్కటి గడ్డిలో జారితే మోకాళ్ళ మీద పాకి వెతికేవాడు, అవతల పంది పారిపోతున్నా సరే.

అతనూ భార్య నోలా ఉంటున్న రేకుల ఇల్లు ఆ పందుల పుణ్యమే. బూర్క్ ఊరి అవతల గొర్రెల ఎస్టేటులో ఓ మూల ఉంది. గొర్రెలు ఈనే రోజుల్లో అడవిపందులు తడి ఆరని పిల్లల్ని నమిలేస్తాయి. పందుల్ని కొట్టినంత కాలం ఇల్లు నీదేనని పాత యజమాని మాటిచ్చాడు. ఆయన పోయాడు. కొడుకు ఫెర్గస్ మాత్రం, ఈసారి క్లారీ లేచి తిరిగితే సరే, లేదంటే హెలికాప్టర్లో వచ్చి కాల్చేవాళ్ళని పిలుస్తానని, వాళ్ళకి ఆ ఇల్లు కావాలని తేల్చి చెప్పాడు. అప్పటికి క్లారీ తుంటి విరిగి డబ్బో పట్నంలో ఆసుపత్రిలో ఉన్నాడు.

ఆరు వారాలకు కర్ర పట్టుకుని ఇంటికొస్తే నోలా గుమ్మంలోనే ఆపింది.

"కళ్ళు మూసుకుని రా."

"మూసుకుంటే పడతానే. రెండో తుంటి కూడా విరగాలా?"

బల్ల మీద తువ్వాలు పరిచి ఉంది. దాని నిండా గుల్లలు, అంగట్లో కొన్న కొత్త నగల్లా మెరిసిపోతున్నాయి.

"నువ్వు సబ్బునీళ్ళతో కడిగితే ఏనాడైనా ఇలా వచ్చాయా, చెప్పు?"

"దేంతో తోమావ్?"

"తోమడమా! నేల తుడిచే అమ్మోనియా లేదూ, దాన్ని జాము సీసాల్లో పోసి అందులో వేశా. నువ్వు వెళ్ళిన రోజు వేసి మొన్న తీశా. ఎండలో ఆరబెట్టా కూడా."

అమ్మోనియా ఇత్తడిని లోలోపల తినేస్తుందని ఈ పని చేసే ప్రతివాడికీ తెలుసు. నోలాకి ఎవరు చెప్పాలి? యాభై ఏళ్ళుగా తూటాలు కూరే బల్ల ఛాయలకు ఆమెను రానివ్వనిది క్లారీయే కదా!

ఆమె టీ పెట్టడానికి వెళ్ళగానే పటకారుతో ఒక గుల్ల మూతిని నొక్కాడు. మంచిదైతే వంగేది. ఇది బిస్కెట్టులా పుటుక్కుమంది. ఇంకొకటి నొక్కాడు. అదీ విరిగింది. మూడోదీ అంతే. వీటిని పేలిస్తే పగిలి మొహం మీదకే వస్తాయి. కొత్త తుపాకికి అనుమతి రావాలంటే నెలలు పడతాయి, గొర్రెలు వచ్చే వారమే ఈనుతాయి. ఇల్లు ఎలాగూ పోయినట్టే. నిజం చెబితే, పోగొట్టింది తనేనని నోలా చచ్చేదాకా కుమిలిపోతుంది. విరిగిన ముక్కల్ని జేబులో వేసుకున్నాడు.

శనివారం ఫెర్గస్ వచ్చాడు.

"పెద్దాయనా, సోమవారం నుంచి పని. వస్తున్నావా, లేదా?"

"రాకేం బాబూ!" అని నోలా గుల్లలు తెచ్చి చూపించింది. "అన్నీ మెరిపించి పెట్టాను."

ఫెర్గస్ ఒకటి వెలుగుకు ఎత్తి చూశాడు. "అబ్బో, భలే ఉన్నాయే!"

"లాభం లేదు ఫెర్గస్," అన్నాడు క్లారీ. "నా చేతులు వణుకుతున్నాయి. వాళ్ళనే పిలుచుకో."

నోలా అదిరిపడింది. "ఏం వణుకు? పొద్దున నా సూదిలో దారం ఎక్కించిందెవరు? మతిపోయిందా నీకు? ఇల్లు పోతుంది!"

క్లారీ చేతులు రెండూ జేబుల్లో దోపుకున్నాడు. అవి వణకడం లేదు మరి.

నోలా మూడు రోజులు అతనితో మాట్లాడలేదు. మాట్లాడిన ఒక్కసారీ పిరికిగొడ్డు అంది. నాలుగో రోజు సామాను సర్దుతూ, అన్నిటికన్నా ముందు గుల్లల్ని లెక్కపెట్టి కాగితాల్లో చుట్టింది.

"యాభై ఏడే ఉన్నాయి. ఆరబెట్టినప్పుడు మూడు ఎక్కడో జారాయి. నువ్వు కదలకు, నీ తుంటి జాగ్రత్త."

పెరట్లోకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి తడమసాగింది. క్లారీ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. జేబులో ముక్కలు అరచేతికి గుచ్చుకున్నాయి.

"వదిలెయ్ నోలా."

"వదిలేస్తే మళ్ళీ ఎక్కడ దొరుకుతాయి నీకు?" అంటూ ఆమె ఇంకొంచెం ముందుకు పాకింది.