పీట మీద చదవని సవరణ

ఒక మాట ఇన్నేళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది పాతపట్నం దగ్గర పల్లె. తాతల నాటి నుంచీ రామమందిరంలో పురాణం చెప్పేది మా ఇంటివాళ్లే. పందొమ్మిది వందల అరవైల చివర ఆ పని నాకొచ్చింది. పురాణం అయ్యాక, అదే పీట మీద కూర్చుని, నౌపడ నుంచి చిన్న రైల్లో వచ్చిన పేపరు చదివేవాణ్ణి. అదే గొంతు, అదే రాగం. పురాణానికి జోడించిన చేతులు విప్పకుండానే జనం పేపరూ వినేవారు. నాకు నవ్వొచ్చేది. కొంచెం గర్వంగానూ ఉండేది. ఇది పురాణం కాదర్రా అని ఒక్కసారైనా అన్నానా? అనలేదు.

ఆ పేపరు మా పార్టీది. సర్కారు ఏం చేసినా అందులో తప్పే. మశూచి టీకాలు వేయడానికి మనుషులు ఊరూరా తిరుగుతున్న రోజుల్లో, టీకా వేయించుకున్న ఒక కూలీ చనిపోయాడని మొదటి పేజీలో పెద్దక్షరాలతో వేశారు. దాన్ని నేను యముడొచ్చే ఘట్టంలా చదివాను. మర్నాడు టీకాలవాళ్లొస్తే ఒక్క తలుపూ తెరుచుకోలేదు. వీధి పొడవునా మూసిన ఆ తలుపులు చూస్తూ నిలబడిపోయాను. ఒళ్లు గగుర్పొడిచింది. నా నోటికి ఇంత శక్తి ఉందా? భయం వేయాల్సింది. వేయలేదు. దేవుడి ముందు నిలబడ్డప్పుడు కూడా నాకంత విభ్రమం కలగలేదని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

కొన్నాళ్లకి అదే పేపరు లోపలి పేజీలో, ఎరువుల ప్రకటన కింద, చిన్న సవరణ వేసింది. ఆ కూలీ పాము కరిచి పోయాడట. టీకాకి సంబంధం లేదట. నాలో నేనే చదువుకున్నాను. పైకి చదివితే అవతలి పార్టీవాళ్ల ముందు తల దించుకోవాలి. మడిచి పీట కింద పెట్టేశాను.

ఆ సాయంత్రమే, జనం వెళ్లిపోయాక, గౌరమ్మ వచ్చింది. జీడితోటల్లో కూలి చేసుకునే మనిషి. మొగుడు లేడు. ఒక్కతే కూతురు, పైడమ్మ.

"బాబుగోరూ, టీకాలోలు రేపు మళ్లీ వత్తారట. మా పైడికి ఏయించమంతారా?"

"ఆవేళ పేపర్లో విన్నావు కదే," అన్నాను.

"ఇన్నాను బాబూ. ఆ టీకాలాయనేమో మంచిదే అంతన్నాడు. నాకేటి తెలుస్తాది? మీ నోటంట పురాణం వస్తాది. మీరు అబద్ధం సెప్పరు. మీరేటంతే అదే."

"వద్దు. వేయించకు."

నేనా? విజయనగరంలో చదువుకునే రోజుల్లోనే వేయించుకున్నాను. జబ్బ మీద మచ్చ కూడా ఉంది.

ఆ ఎండల్లోనే ఊళ్లో అమ్మవారు పోసింది. మశూచిని మావాళ్లు అలాగే అంటారు. పైడమ్మ బతికింది. కళ్లు పోయాయి.

గౌరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అమ్మవారి దయవల్ల ప్రాణం దక్కిందంటూ, కూతురి చెయ్యి పట్టుకుని తెచ్చి నా ఎదురుగా కూర్చోబెట్టేది. ఆ పిల్ల నా గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పి, రెండు చేతులూ జోడించేది. మనిషి ముఖంలో అంత నమ్మకం నేను మరెక్కడా చూడలేదు. లోపల వణికిపోతూనే పురాణం సాగించాను. దేన్ని చూసి వణికాను? నా తప్పునా, ఆ నమ్మకాన్నా? రెండూ ఒకటేనేమో, నాకిప్పటికీ తెలియదు.

పేపరు చదవడం మాత్రం మానేశాను. ఎందుకని జనం అడిగితే, కళ్లు ఆనడం లేదన్నాను. ఆ పిల్ల ముందే అన్నాను.

బాబుగోరి కళ్లు బాగవ్వాలని పైడమ్మ అమ్మవారికి మొక్కుకుందని తర్వాత తెలిసింది.

గౌరమ్మ పోయింది. పైడమ్మ ఉంది. ఆమెకి ఇంకా చెప్పలేదు. మీకు చెప్పాను. ఊపిరి కాస్త ఆడుతోంది.